తిరిగి కొట్టని సెల్యూట్

శంషాబాద్,
జూన్ 8

తమ్ముడు ఉపేందర్‌కు,

అక్క అనుపమ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గానీ, బడిలో పిల్లలకు లేఖారచన నేర్పించీ నేర్పించీ నాకు ఆ వాక్యం మీద నమ్మకం పోయింది. ఫోన్ చేద్దామంటే మీ కొండ మీద సిగ్నల్ ఎప్పుడో గానీ దొరకదు. దొరికిన పూట అమ్మ స్పీకర్ పెట్టి వాడకట్టు మొత్తానికి వినిపిస్తుంది. ఇది వాడకట్టు వినాల్సిన సంగతి కాదు, అందుకే కాగితం తీశాను.

నీ లగ్నం ఖాయమైంది కదా, మొదటి పిలుపు మేనమామకే అని అమ్మ పసుపు కుంకుమ పట్టుకుని కొత్వాల్‌గూడ వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. బాలమల్లు మామ మంచం వాల్చి కూర్చోబెట్టాడు. చాయ్ తాగించాడు. పెండ్లికూతురు సంతోషి ఏం చదివింది, పొడుగా పొట్టా అని అన్నీ అడిగాడు. అంతా అయ్యాక అన్నాడు: "మంచిగ జేసుకోండ్రి అక్కా. నేనైతే రాను. బట్టలు ఇంకెవరితోనన్న పెట్టియ్యి."

ఇంకెవరున్నారురా? అమ్మకు ఉన్నది ఒక్క తమ్ముడు. మేనమామ పెట్టిన బట్టలు కట్టుకోకుండా మన ఇళ్లల్లో పెండ్లికొడుకు పీట ఎక్కడు. అమ్మ ఎంత బతిమాలినా "నాతోని గాదు" అన్న మాట తప్ప ఆయన నోటి నుంచి ఇంకొకటి రాలేదు. ఆటోలో ఇల్లు చేరేదాకా అమ్మ ఏడుస్తూనే ఉంది.

నేను చెప్పులు వేసుకుంటుంటే మామ దగ్గరికి వచ్చి మెల్లగా ఒకటి అడిగాడు. "బిడ్డా, ఉపేందర్‌కు ఉత్తరం రాస్తవు గదా. మిలిటరీల ఒకడు సెల్యూట్ కొడితే అవతలోడు ఏం జేస్తడో జర అడుగు."

ఇదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. సెల్యూట్ సంగతి ఆయనకు నేర్పిందే నువ్వు. కాటేదాన్‌లో పైపుల ఫ్యాక్టరీ మూతపడి, ఈ విల్లాల కాలనీ గేటు దగ్గర మామకు కాపలా పని దొరికినప్పుడు, నువ్వు కొత్తగా లెఫ్టినెంట్ అయి సెలవు మీద వచ్చావు. వాకిట్లో నిలబెట్టి నేర్పించావు. ఆ తర్వాత నెల రోజులు పాలవాడికి, అమ్మకు, చివరికి మన బర్రెకు కూడా మామ సెల్యూట్ కొట్టాడు. నువ్వు సిపాయి భర్తీ కోసం సర్వీస్ రోడ్డు మీద పరుగెత్తే రోజుల్లో పొద్దున్నే పక్కన సైకిలు తొక్కుతూ "ఉరుకు, ఉరుకు" అని అరిచిన మనిషి. నువ్వు ఆఫీసర్ పరీక్ష పాసైతే మనందరికంటే ఎక్కువ ఎగిరింది ఆయనే. ఆ మామ నీ పెండ్లికి రానంటున్నాడు.

ఇంకో సంగతి. ఆ విల్లాల్లోనే నీ కాబోయే మామ సోమయ్య గారి ఇల్లు కూడా ఉంది కదా. గేటు దగ్గరున్న పెద్దమనిషి మనవాడని వాళ్లకు మనం ఇంకా చెప్పలేదు. సందర్భం రాలేదు అనుకుంటున్నాను.

మామ అడిగినదానికి జవాబు రాయి. నువ్వు రాసింది రాసినట్టు చదివి వినిపిస్తాను.

నీ అక్క,
అనుపమ

*

కేరాఫ్ 99 ఏ.పి.ఓ.,
జూన్ 29

అక్కకు నమస్కారం.

రేషన్ బండితో పాటు నీ ఉత్తరం వచ్చింది. ఇక్కడ జూన్‌లో కూడా స్వెటర్ విప్పే పని లేదు. మీ దగ్గర మొదటి వాన పడి ఉంటుంది.

మామ అడిగినదానికి చెప్తాను. నువ్వు టీచర్‌వి కాబట్టి పాఠంలాగే రాస్తాను, మార్కులు వెయ్యి. సెల్యూట్ మనిషికి కొట్టేది కాదు, హోదాకు కొట్టేది. నా కింద పనిచేసే సుబేదార్ సాబ్‌కు మన బాపు బతికుంటే ఎంత వయసో అంత వయసు. ఆయన నాకు సెల్యూట్ కొడతాడు. అది నాకు కాదు, నా భుజం మీదున్న రెండు నక్షత్రాలకు. కుడి చెయ్యి, అరచెయ్యి ముందుకు తెరిచి, వేళ్లు కలిపి, కనుబొమ పక్కకు రావాలి. చేతిలో ఆయుధం లేదని చూపడానికి మొదలైందని కొందరంటారు. పాతకాలపు గుర్రపు సైనికులు ముఖం మీది ఇనప ముసుగు ఎత్తి తామెవరో చూపించుకునేవారని, అదే ఇలా మిగిలిందని ఇంకొందరు. టోపీ లేనప్పుడు కొట్టం, నిటారుగా నిలబడతాం. మనం తెలుగులో సెల్యూట్ "కొడతాం". ఇంగ్లీషులో కింది వాడు సెల్యూట్ ఇస్తాడు, పరేడ్‌లో పెద్ద అధికారి దాన్ని తీసుకుంటాడు. దొరల పద్ధతి అంతా ఇచ్చిపుచ్చుకోవడమే. కొట్టుకోవడం మనది.

అవతలివాడు ఏం చేస్తాడు అంటే, తిరిగి కొడతాడు. అది రూలు.

అయితే అక్కా, ఇదంతా యూనిఫారం లోపలి సంగతి. బయట ప్రైవేటు కాపలావాళ్లు చేసేది నిజానికి సెల్యూట్ కిందికి రాదు. కార్లలో తిరిగేవాళ్ల సంతోషం కోసం కంపెనీవాళ్లు పెట్టిన అలవాటు అది. దానికి ఎవరూ తిరిగి కొట్టనక్కర్లేదు. కొట్టలేదని ఎవరూ బాధపడనక్కర్లేదు. ఈ మాట మామకు వివరంగా చెప్పు.

పెండ్లికి రాననడం అలకే అయి ఉంటుంది. పెద్దవాళ్లన్నాక పిలుపులో ఏదో లోటు కనబడుతుంది. ఇంకోసారి వెళ్లి గట్టిగా పిలవండి. అమ్మను ఏడవొద్దని చెప్పు.

నీ తమ్ముడు,
ఉపేందర్

*

శంషాబాద్,
జులై 17

ఉపేందర్‌కు,

నీ పాఠానికి మార్కులు వెయ్యమన్నావు. వేస్తాను, కాసేపు ఆగు.

ఆదివారం మామ ఇంటికి వెళ్లి ఉత్తరం చదివి వినిపించాను. మొదటి పేజీ అంతా మంచం మీద కూర్చుని తలూపుతూ విన్నాడు. ఇనప ముసుగు దగ్గర నవ్వాడు కూడా. "తిరిగి కొడతాడు, అది రూలు" అన్న చోట దుర్గవ్వ అత్త వైపు చూసి "నేను జెప్పలే?" అన్నాడు. తర్వాత కాపలావాళ్ల ముక్క వచ్చింది. నేను ముందే ఒకసారి చదివి చూసుకుని ఉండాల్సింది. రాసింది రాసినట్టు చదువుతానని గొప్పలు పోయినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

"ఆగు బిడ్డా, గా ముక్క మల్ల సదువు," అన్నాడు. మళ్లీ చదివాను.

"అంటే నేను కొట్టేది సెల్యూటే గాదన్నట్టు," అన్నాడు. కోపంగా అనలేదు. "పెద్ద సదువు సదివినోడు రాసిండు, నిజమే అయుంటది."

మర్నాడు డ్యూటీకి వెళ్లి సూపర్‌వైజర్‌తో చెప్పాడట. గేటు తీస్తాను, మూస్తాను, నిలబడమన్నంత సేపు నిలబడతాను, చెయ్యి మాత్రం ఎత్తనని. సూపర్‌వైజర్ ఆయన్ను వెనక గేటుకు పంపించాడు. చెత్త ట్రాక్టర్లు, ఇసుక లారీలు, పనివాళ్లు పోయే దారి అది. అక్కడ నీడకు ఒక రేకు కూడా లేదు.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. "కొట్టలేదని ఎవరూ బాధపడనక్కర్లేదు" అని రాశావు. మామ బాధపడ్డాడని నేను నీకు రాయలేదే? ఎవరు కొట్టలేదు, ఎప్పుడు? పిల్లల కాపీ జవాబులు పట్టుకోవడమే నా బతుకు. నా దగ్గర దాచకు.

నేను మాత్రం ఏం తక్కువ తినలేదు. మొన్న సంతోషి వాళ్లింటికి చీరలు చూడటానికి పిలిచారు. వాళ్లమ్మ భాగ్యమ్మ గారు మాటల్లో అన్నారు: "వెనక గేటు ముసలాయన మంచోడు బిడ్డా. పాత చీరలు తీసి పెట్టిన, వాళ్ల ఇంటామెకు ఇద్దామని." ఆ ముసలాయన మా మేనమామ అనడానికి నాకు నోరు పెగల్లేదు. అవునవును, మంచోడే అన్నాను. దుర్గవ్వ అత్త ఆ చీరలు కట్టుకుని నీ పెండ్లికి వస్తే అప్పుడు నేను ఎక్కడ ముఖం పెట్టుకోవాలి?

ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. సెల్యూట్ అనే మాట లాటిన్ నుంచి వచ్చిందట. మూలంలో దాని అర్థం క్షేమం. ఎదుటివాడి క్షేమం కోరుతున్నానని చెప్పడం. నీ పాఠంలో నక్షత్రాలున్నాయి, టోపీ ఉంది, ఇనప ముసుగు ఉంది. ఆ ఒక్క మాట లేదు. మార్కులు సున్నా.

అనుపమ

*

కేరాఫ్ 99 ఏ.పి.ఓ.,
ఆగస్టు 4

అక్కకు,

నేను రాసిన ప్రతి అక్షరం మామకు చదివి వినిపించమని ఎవరు చెప్పారు? సారాంశం చెబితే సరిపోయేది. నీకు ఆ మాత్రం తెలియదా?

ఎవరో ఎప్పుడో తిరిగి కొట్టలేదేమో అన్న ఉద్దేశంతో మాటవరసకు రాశాను. దాన్ని పట్టుకుని నువ్వు పోలీసులా అడుగుతున్నావు. ఇక్కడ నాకు ముప్పై మంది జవాన్ల బాధ్యత ఉంది. గేట్ల గురించి ఆలోచించే తీరిక లేదు.

మామకు ఆ పని కష్టంగా ఉంటే మానేయమను. ఎయిర్‌పోర్టు వైపు కార్గోలో తెలిసినవాళ్లున్నారు, ఇంకోచోట మాట్లాడతాను. పెండ్లిలోపు ఆ గేటు దగ్గరి నుంచి మారితే అందరికీ మంచిది. సోమయ్య గారి వాళ్లకు ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. పెండ్లయ్యాక నిదానంగా నేనే చెప్తాను.

నా సెలవు నవంబర్ మొదటి వారం నుంచి మంజూరైంది.

ఉపేందర్

*

శంషాబాద్,
ఆగస్టు 23

ఉపేందర్,

నువ్వు చెప్పలేదు. తారాబాయి చెప్పింది.

తారాబాయి ఎవరో నీకు తెలియకపోవచ్చు. విల్లాల్లో ఊడ్చే మనిషి. గేటు పక్కన ఎప్పుడూ చీపురు పట్టుకుని కనబడుతుంది. కారు అద్దంలోంచి చూసేవాళ్లకు కనబడదు. మామకు సద్ది ఇచ్చి వస్తుంటే నా వెంట నడుస్తూ అడిగింది: "నువ్వు ఆ మిలిటరీ పిలగాని అక్కవేనా? ముసలాయనను గట్ల జేస్తరా అమ్మా?"

మార్చిలో నువ్వు మొదటిసారి సోమయ్య గారి కారులో వాళ్లిల్లు చూడటానికి వెళ్లావు. నువ్వు వస్తున్నావని అమ్మ ముందురోజే మామకు ఫోన్ చేసి చెప్పింది. మామ ఇస్త్రీ బట్టలు వేసుకుని, తన డ్యూటీ మధ్యాహ్నం అయినా పొద్దున్నే వచ్చి నిలబడ్డాడట. గేటు దగ్గరున్న కాపలావాళ్లందరికీ చెప్పుకున్నాడట. "ఇయ్యాల మా అల్లుడొస్తుండు. పెద్ద ఆఫీసర్. సూడుండ్రి, నేను సెల్యూట్ కొడితే ఆయన సుత తిరిగి కొడతడు. జనరలైనా తిరిగి కొట్టాల్సిందే, మిలిటరీ కానూన్." ఆ కానూన్ ఆయనకు చెప్పింది నువ్వే. తిరిగి కొట్టేదాకా చెయ్యి దించొద్దని చెప్పింది కూడా నువ్వే. మన వాకిట్లో చెప్పావు, నేను విన్నాను. ఆ కానూన్ కంపెనీ టోపీకి వర్తించదని అప్పుడు చెప్పలేదు.

కారు ఆగింది. సోమయ్య గారు అద్దం దించారు. మామ నీ వైపుకు వచ్చి, నిన్నే చూస్తూ, నవ్వుతూ కొట్టాడట. నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు. సోమయ్య గారు "మీకు తెలిసినాయనా? మిమ్మల్ని సూసి నవ్వుతున్నడు" అని అడిగారు. నువ్వు అన్న మాట తారాబాయి అన్నది అన్నట్టు చెప్పింది.

"లేదండీ, తెల్వదు. మిలిటరీ అని ఎవరో చెప్పి ఉంటరు."

కారు లోపలికి పోయింది. మామ చెయ్యి దించలేదు. తిరిగి కొట్టలేదు కదా మరి. వెనక ఇంకో కారు వచ్చి హారన్ కొట్టేదాకా అలాగే నిలబడ్డాడట. అప్పటి నుంచి అక్కడి కుర్రవాళ్లు ఆయన కనబడితే చాలు చెయ్యెత్తి "కానూన్, కానూన్" అంటున్నారు.

ఐదు నెలలు ఈ మనిషి ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, అత్తకు చెప్పలేదు. పెండ్లికి రానన్నాడు, అంతే. ఇంకా నీ మీద ఎక్కడో ఆశ ఉండి నాతో ఆ ప్రశ్న పంపించాడు. నువ్వు రెండు పేజీలు రాసి, నీది సెల్యూటే కాదు పొమ్మన్నావు.

నాకు నిన్ను తమ్ముడని రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పమంటావా?

అనుపమ

*

కేరాఫ్ 99 ఏ.పి.ఓ.,
సెప్టెంబర్ 12

అక్కా,

అమ్మకు చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

తారాబాయి చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. తీసేయడానికి ఏమైనా ఉందేమోనని నీ ఉత్తరం ఎన్నోసార్లు చదివాను. కారు అద్దం దిగగానే నేను మామను చూశాను. ఎంత బాగా కొట్టాడో అక్కా! వేళ్లు కలిసి ఉన్నాయి, మోచెయ్యి సరైన ఎత్తులో ఉంది. కొత్తగా చేరిన మా రంగరూట్లలో సగం మందికి అలా రాదు. ఆ కంపెనీ టోపీ మాత్రం రెండు సైజులు పెద్దది, చెవుల మీదికి జారింది. అంతకుముందు దారి పొడుగునా సోమయ్య గారు నన్ను లెఫ్టినెంట్ గారూ, లెఫ్టినెంట్ గారూ అంటూ వచ్చారు. ఆ టోపీ చూసి నాకు సిగ్గేసింది. నన్ను ఈ మనిషికి అల్లుడని చూస్తారే అనుకున్నాను. అంతే అక్కా, దాని వెనక పెద్ద కారణం ఏమీ లేదు. ఉంటే బాగుండేది.

ఇక్కడ పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు నాకు సెల్యూట్ కొడుతూనే ఉంటారు. నా చెయ్యి దానంతటదే లేస్తుంది, ఆలోచించే పనే లేదు. ఆ రోజు ఆ చేత్తోనే ఫోన్ గట్టిగా పట్టుకున్నాను. లేస్తుందేమోనని పట్టుకున్నాను. ఈ ముక్క రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

మా సుబేదార్ సాబ్‌కు ఏదో తెలిసినట్టుంది. నిన్న "సాబ్, తబియత్ ఠీక్ హై?" అని నా ఆరోగ్యం అడిగి సెల్యూట్ కొట్టాడు. తిరిగి కొట్టి, నా బంకర్‌లోకి పోయి కూర్చున్నాను.

నేను వచ్చాక మామను మన ఇంటికి పిలిపించు. తలుపు వేసుకుని ఆయన కాళ్ల మీద పడతాను. ఎంతసేపు పడి ఉండమంటే అంతసేపు ఉంటాను. సోమయ్య గారికి, సంతోషికి మాత్రం ఇది తెలియకూడదు. తెలిస్తే ఆ అమ్మాయి నన్ను ఏమనుకుంటుంది? ఈ ఒక్క సాయం చెయ్యి.

ఉపేందర్

*

శంషాబాద్,
సెప్టెంబర్ 30

ఉపేందర్‌కు,

చెయ్యను.

గేటు దగ్గర, పదిమందిలో తెల్వదన్నావు. తలుపు వేసుకుని కాళ్ల మీద పడతావా? పడితే నీ మోకాళ్లకు దుమ్ము అంటుతుంది, అంతకు మించి మామకు ఒరిగేదేముంది?

నీ అనుమతి లేకుండానే ఒక పని చేశాను. నిన్న సంతోషి దగ్గరికి వెళ్లాను. వెనక గేటు దగ్గర ఉండేది మా సొంత మేనమామ అని చెప్పాను. మా బాపు పోయాక మమ్మల్ని పెంచిన మనిషి అని చెప్పాను. చీరల రోజున మీ అమ్మ ముందర నేను నోరు మెదపలేదు, అది నా తప్పు అని కూడా చెప్పాను. కారులో నువ్వన్న మాట మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు.

ఆ పిల్ల అంది: "నేను కాలేజీకి పోయిన్నుంచి ఆయనే గేటు తీస్తుండు వదినా. నేనెప్పుడు ఆయన పేరు అడగలే." ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఇంతలో భాగ్యమ్మ గారు వచ్చి విషయం విన్నారు. ఇచ్చేసిన చీరలు గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఇంట్లో సాయంత్రం ఎవరూ దీపం కూడా సరిగా పెట్టినట్టు లేదు. సోమయ్య గారు మామను ముందు గేటుకు మార్పిస్తానని కబురు పంపితే, మామ వద్దన్నాడట.

సిగ్గు నీ ఒక్కడి సొత్తు కాదులే. మన రెండిళ్లలోనూ కావలసినంత ఉంది.

నువ్వు వచ్చి ఏం చేస్తావో నాకు తెలియదు. ఎక్కడ చెయ్యాలో మాత్రం తెలుసు. మామ పెండ్లికి వస్తాడో రాడో అమ్మ ప్రతి పూటా నన్ను అడుగుతోంది. ఏం చెప్పను?

అనుపమ

*

శంషాబాద్,
డిసెంబర్ 5

తమ్ముడు ఉపేందర్‌కు,

చల్లగా ఉండు. సంతోషి మొన్న వచ్చి రెండు రోజులుంది. అమ్మతో కలిసి జొన్నరొట్టె కొడతానని కూర్చుని పిండంతా మీద పోసుకుంది. మంచి పిల్ల.

పెండ్లి ఫోటోలు వచ్చాయి. మామ నీకు బట్టలు పెడుతున్న ఫోటో అమ్మ పెద్దది చేయించి గోడకు కొట్టించింది. మామ నీ నెత్తి మీద చెయ్యి పెట్టాడు, నువ్వు వంగి ఉన్నావు, వెనక అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. దాన్ని చూసినప్పుడల్లా నా కడుపు నిండుతుంది. ఇన్ని నెలలు నిన్ను కఠినంగా తిట్టాను. నేను కాకపోతే ఎవరు తిడతారు?

ఒక్కటి అడగాలి. పెండ్లికి ముందు నువ్వు ఒక్కడివే ఆ గేటు దగ్గరికి వెళ్లావని తారాబాయి చెప్పింది. ఏం జరిగిందో అడిగితే "మీ తమ్ముణ్నే అడుగు" అంది. మామను అడిగితే "మంచిగనే ఉండె" అంటాడు. నువ్వే రాయి. అంతా సర్దుకుంది కదా?

నీ అక్క,
అనుపమ

*

కేరాఫ్ 99 ఏ.పి.ఓ.,
డిసెంబర్ 27

అక్కకు నమస్కారం.

ఇక్కడ దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. నువ్వు అడిగావు కాబట్టి, ఇంకెవరికీ చెప్పను కాబట్టి, రాస్తున్నాను.

వచ్చిన మర్నాడే యూనిఫారం వేసుకుని బయలుదేరాను. సంతోషికి ఫోన్ చేసి కారులో నేనన్న మాట చెప్పాను. ఆమె "ముందుగాల ఆయన కాడికి పోండి" అని పెట్టేసింది. ఆటోను సర్వీస్ రోడ్డు మీదే వదిలేసి నడిచాను. ముందు గేటు దగ్గర సోమయ్య గారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. నన్ను చూసి ఎదురొచ్చారు. "సార్, ఆ రోజు నేను మీకు అబద్ధం చెప్పాను. గేటు దగ్గర నవ్వింది మా మేనమామ" అని చెప్పాను. కాపలావాళ్లు వింటున్నారు. ఆయన ఏమన్నారో నాకు గుర్తు లేదు, నా చెవుల్లో ఒకటే హోరు. అలాగే వెనక గేటుకు నడిచాను. వాళ్లూ నా వెనక వచ్చారు.

మామ గేటు గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన ముందు నిలబడి సెల్యూట్ కొట్టాను. నా సర్వీసులో అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు.

మామ చూశాడు. గుర్తు పట్టనట్టు చూడలేదు, అలా చూసినా బాగుండేది. మామూలుగా చూశాడు. "జర పక్కకు జరుగుండ్రి సార్, బండి వస్తుంది," అన్నాడు.

ట్రాక్టర్ వచ్చింది. మామ గొలుసు దించి దాన్ని లోపలికి పంపించి మళ్లీ గొలుసు వేశాడు. నేను పక్కకు జరిగాను గానీ చెయ్యి దించలేదు. తిరిగి కొట్టేదాకా దించకూడదు కదా. తారాబాయి చీపురు పట్టుకుని చూస్తోంది. సోమయ్య గారు తల దించుకున్నారు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, భుజం వణకడం మొదలైంది. అప్పుడు మామ నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను అక్కా. తన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు నన్ను సైకిలు మీది నుంచి దింపినట్టు నెమ్మదిగా కిందికి దించాడు.

"చెయ్యి నొస్తది సార్," అన్నాడు. "పెండ్లికి వస్త. మా అక్క ఏడుస్తుంది గద."

వచ్చాడు, మీరంతా చూశారు. బట్టలు పెట్టాడు. నెత్తి మీద చెయ్యి పెట్టాడు. అమ్మకు, నీకు, పందిట్లో ఎవరికీ ఏ లోటూ కనబడకుండా అంతా చేశాడు. నువ్వు గోడ మీద చూసుకుంటున్న ఆ ఫోటోలో నేను ఆయన కాళ్లకు దండం పెడుతున్నాను. డప్పుల మోతలో మీకెవరికీ వినబడలేదు. వంగి నా చెవిలో అన్నాడు: "లేవుండ్రి సార్, అందరు సూస్తున్నరు."

అమ్మను ఆ ఫోటో తీసెయ్యమని చెప్పకు. సంతోషంగా ఉండనివ్వు.

ఇక్కడ నన్ను అందరూ సార్ అనే పిలుస్తారు. పొద్దున గార్డు మారేటప్పుడు, భోజనం తెచ్చేటప్పుడు, వైర్‌లెస్‌లో, అన్నిచోట్లా అదే మాట. ఇంతకుముందు వినబడేది కూడా కాదు. ఇప్పుడు విన్న ప్రతిసారీ తల దించుకుంటున్నాను. జవాన్లు సార్‌కు ఒంట్లో బాగాలేదని అనుకుంటున్నారు.

ఈసారి మామకు సద్ది తీసుకుపోయినప్పుడు నా తరఫున ఒక్కటి అడుగు. క్షమించమని అడగకు. నన్ను తిట్టమను. ఎంత పెద్ద తిట్టయినా సరే. 'అరేయ్' అని మొదలుపెట్టి తిట్టమను.

నీ తమ్ముడు,
ఉపేందర్